మా ఆయన్ని లేపడానికి మూడు పుస్తకాలు

జూలై 7, ఆదివారం

నిన్నే అడుగుతున్నాను, పక్కచూపులు చూడకు. ముప్పై ఏళ్లుగా వేదిక మీద నిలబడి "లేవండి! లేవండి!" అని గొంతు చించుకున్నావే, నూట ఆరు కిలోల మనిషిని నీళ్లలోంచి ఒక్కదానివే లేపగలవా?

జవాబు నిజం రాయి. నువ్వు తప్ప ఈ డైరీ ఎవరూ చదవరు.

లేపలేవు. నీ బరువే నలభై ఆరు.

అయినా నవ్వు ఆగడం లేదు. కుట్టుమిషను ముందు కూర్చుని ఒంటరిగా నవ్వుతున్నాను.

ఇవాళ సంఘ కూటంలో, బాప్తిస్మానికి ముందుకు రండని చివరి పిలుపు ఇస్తున్నాను. మైకు పనిచేయలేదు. నాకు మైకెందుకు? "రేపు రేపంటారు, ఆ రేపు ఎవరింటికైనా వచ్చిందా?" అని నిప్పులు చెరుగుతున్నాను. ఆ సమయానికి మా ఆయన ఎప్పుడూ తలుపు పక్కన ఆఖరి బల్ల మీద కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటారు. "ఏవండీ, మీ బాప్తిస్మం ఎప్పుడండీ?" అంటే "చూద్దాంలే" అనే మనిషి. పెళ్లయిన ఏడాది నుంచీ చూస్తూనే ఉన్నారు. ఇవాళ ఆ బల్ల కిర్రుమంది. ఆకలేసి బయటికి పోతున్నారనుకున్నాను. పోలేదు. తను పనిచేసే బేకరీలో ట్రేల మధ్య నడిచినట్టు పక్కకి తిరిగి, "జరగండి, కాస్త జరగండి" అనుకుంటూ ఇరుకు వరుసలన్నీ దాటి, వచ్చి సంఘపెద్ద ముందు నిలబడ్డారు.

"నేను బాప్తిస్మం తీసుకుంటానండీ."

నా వాక్యం సగంలో తెగింది. అది దేని గురించో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ముందుకొచ్చిన వాళ్లని పెద్దాయన ఒకటే అడుగుతారు: ఎవరి మాట వల్ల వచ్చావు? ఎవరి పేరు చెబితే వాళ్లే తొట్టిలోకి దిగాలి, ఒక్కరే, వాళ్ల చేతులతోనే ముంచి లేపాలి. ఆ ప్రశ్నకి పెద్దాయన పేరు చెప్పినవాళ్లున్నారు. మా సంఘంలోనే ప్లంబర్ పని చేసే తమ్ముడి పేరు చెప్పినవాళ్లున్నారు. ప్లంబర్! ఆయన నోరు తెరిస్తే కుళాయిల గురించే. నా పేరు మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కరూ చెప్పలేదు. "అక్క ప్రసంగం అంటే అగ్గే" అంటారు, చేతులు కాచుకుంటారు, ఇళ్లకి పోతారు. దాని గురించి నాకేమీ బాధ లేదు. ఎప్పుడూ లేదు.

"ఎవరి మాట వల్ల తమ్ముడూ?" అన్నారు పెద్దాయన.

మా ఆయన గడ్డంతో నా వైపు చూపించారు. "ఇదిగో, ఈ అగ్గిపుల్ల."

ఇంట్లో పిలిచే పేరు! అంతమంది ముందు!

హాలంతా ఒకటే నవ్వు, ఏడుపు. పెద్దాయన మా ఆయన్ని కిందినుంచి పైదాకా చూశారు. తర్వాత నన్ను చూశారు, ఆ చూపు తొందరగానే అయిపోయింది. "చెల్లెమ్మా, ఈ ఒక్కసారికీ ప్లంబర్ తమ్ముడు ఒక చెయ్యి వేస్తాడులే" అన్నారు.

"వద్దు. ఆవిడొక్కతే. లేకపోతే దిగను" అన్నారు మా ఆయన.

తొట్టి అడుగు బీటలిచ్చింది, సిమెంటు చేయాలి. అందుకని అక్టోబరు మొదటి ఆదివారం అనుకున్నారు.

ఇంటికొచ్చాక అడిగాను. "ప్లంబర్ ఒక చెయ్యి వేస్తే మీకేం పోతుందండీ?"

"పోయేది నేనేగా" అని పళ్లెం దగ్గరికి లాక్కున్నారు.

ఎప్పుడూ వేళాకోళమే ఈయనకి.

జూలై 8, సోమవారం

బేకరీ నుంచి వచ్చి మధ్యాహ్నం గుర్రు పెడుతున్నారు. ఇదే అదను అని భుజాల కింద చేతులు పెట్టి ఎత్తి చూశాను. తల మాత్రం లేచింది.

"ఏమే, ఇల్లు తగలబడుతోందా?"

"లేదండీ. పడుకోండి."

జూలై 11, గురువారం

లైబ్రరీకి వెళ్లాను. గౌను జేబులో చిన్న పరిశుద్ధ గ్రంథం ఉంది, అది లేకుండా నేను గడప దాటను. అదొక్కటి ఉన్న మనిషికి వేరే పుస్తకాలు దేనికని ఇన్నాళ్లూ ఆ గుమ్మం తొక్కలేదు. బల్ల వెనక ఒక అమ్మాయి. చేతులు చూసి ఆగిపోయాను. పొంగిన రొట్టెల్లా ఉన్నాయి.

"ఏం కావాలి ఆంటీ? వంటలా, భక్తా?"

"కండలు."

పెన్ను కింద పెట్టింది. "ఎవరికి?"

"నాకే. అక్టోబరులోపు నూట ఆరు కిలోలు ఎత్తాలి."

"పోటీకా?"

"బాప్తిస్మానికి."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లేచి లోపలికి పోయి మూడు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పరిచింది. "ఈ ఎర్రది ముసలి కోచ్ రాశాడు. బరువులెత్తే వాళ్లంతా మొదట చెప్పేది ఇదే. ఈ నల్లది కండ ఎలా పెరుగుతుంది, ఏం తినాలి, ఎంత పడుకోవాలి, అన్నీ చెబుతుంది. ఈ నీలంది యాభై దాటినవాళ్ల కోసం ఒక డాక్టరమ్మ రాసింది. ఆంటీ, నా మాట విని ముందు నీలందే చదవండి."

సరేనని నీలందాన్ని అడుగున పెట్టుకున్నాను. దాని అట్ట మీద ఒక ముసలావిడ కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. కూర్చున్నదాన్ని చూసి ఎవరు లేస్తారు?

ఇది మాత్రం స్పష్టంగా రాసుకోవాలి: నేను ఈ పుస్తకాలు చదవడం లేదు, పరీక్షిస్తున్నాను.

జూలై 14, ఆదివారం

పరీక్షిస్తున్నాను. ఎర్రది అద్భుతం!

జూలై 16, మంగళవారం

ఎవరీ కోచ్? ఎక్కడున్నాడు? వెనక అట్ట మీద ఫొటోలో ముక్కు వంకర, కళ్లలో నిప్పు. ఎక్కడా "బహుశా" అన్న మాట లేదు. నేల మీద ఉన్నదాన్ని పైకెత్తు, భుజాల మీద ఉన్నదానితో కూర్చుని లే, తల మీదికి నెట్టు. అంతే. ఇన్ని వందల యంత్రాలెందుకు, నీ ఎముకలు యంత్రం కాదా అని తిడతాడు. తిడితే ఎంత బాగుంటుందో! నన్నెవరూ ఇంత బాగా తిట్టలేదు.

నా కుట్టు షాపులో గట్టిగా చదువుతుంటే ప్యాంటు జిప్పు మార్పించుకోవడానికి ఒకావిడ వచ్చింది. ఆగలేకపోయాను. "అమ్మా, నువ్వు మోకాళ్లు వంచి కూర్చుని లేవడం ఎప్పుడు మానేశావు?" అని మొదలుపెట్టి, రెండో అధ్యాయం మొత్తం చెప్పేశాను. ఆవిడకి పూనకం వచ్చింది. అక్కడే, వేసుకున్న ప్యాంటుతోనే, కూర్చుని చూపించింది. పర్రుమంది. అదీ కుట్టి ఇచ్చాను.

పుస్తకం సగం కంఠతా వచ్చేసింది. నా పద్ధతి అదే. బడి మొహం చూడకుండా అక్షరాలు నేర్చుకున్నదీ, గ్రంథం పట్టుబడిందీ అలాగే: మూడుసార్లు గట్టిగా చదవడం, కళ్లు మూసుకుని అప్పజెప్పుకోవడం.

కూతురు పళ్ల డాక్టరు దగ్గర పని ముగించుకుని ఇటు వచ్చింది. అప్పజెప్పాను. అంతా విని, "ఇంతకీ ఏమన్నా ఎత్తావా అమ్మా?" అంది.

"ముందు వాక్యం, తర్వాత క్రియ."

"వంటల పుస్తకం చదివితే కడుపు నిండుతుందా?"

దీనికి వాళ్ల నాన్న నోరే.

జూలై 20, శనివారం

ఎత్తాను! బేకరీ పిండిసంచిలో ప్లంబర్ తమ్ముడు ఇసుక పోసిచ్చాడు. "ఎంత పొయ్యమంటావక్కా?" అన్నాడు. "నింపు" అన్నాను. అల్పవిశ్వాసం ఎందుకు?

జూలై 21, ఆదివారం

నడుం పట్టేసింది. కూర్చోలేక మూడు ప్రసంగాలంతసేపు నిలబడే ప్రసంగించాను. అందరూ ఆత్మావేశం అనుకున్నారు.

జూలై 22, సోమవారం

ఎర్ర పుస్తకం అబద్ధాలకోరు.

జూలై 23, మంగళవారం

ఎర్ర పుస్తకానిది తప్పు లేదు. మొదట ఖాళీ కర్రతో చెయ్యి, వారం వారం చిటికెడు పెంచు అని మూడో అధ్యాయంలో రాసే ఉంది. నాకు కంఠతా వచ్చిన పేజీయే. జిప్పు ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా చెప్పినదే. నిప్పులు చెరిగేవాళ్ల జబ్బు ఇది. వాక్యం ఎదుటివాళ్లకి తగిలేలా వస్తుంది, మన పక్కనుంచి పోతుంది.

మా ఆయన నడుముకి వేడినీళ్ల సీసా పెట్టారు. "మానెయ్యవే. ఏదో అయిందనిపిద్దాం" అన్నారు. "మీరు దిగుతానన్నాక నేను మానేదేంటి?" అన్నాను. వంటింట్లోకి పోయి డబ్బా తెరిచారు. బిస్కెట్ల చప్పుడు.

జూలై 27, శనివారం

మంచంలో పడి నల్లదాన్ని పరీక్షించాను. దిండంత పుస్తకం. పేజీకోసారి "అది మనిషిని బట్టి ఉంటుంది" అంటుంది. నేనలా ప్రసంగిస్తే జనం చెప్పులు వెతుక్కుంటారు. కానీ ఒక్క సంగతి దగ్గర లేచి కూర్చున్నాను, నడుం నొప్పి మర్చిపోయి. కండ ఎత్తేటప్పుడు పెరగదట! ఎత్తేటప్పుడు చిట్లుతుందట. పెరిగేది తిని పడుకున్నాకట.

ఎవరైనా నాకీ మాట ముందే చెప్పి ఉంటే. ముప్పై ఏళ్లుగా జనాన్ని ఎత్తు ఎత్తు అని చిట్లగొట్టాను. పడుకోనిచ్చానా?

గ్రంథంలో స్వస్థత పొంది పరుపెత్తుకుని నడిచిన ఆ మంచాన పడ్డ మనిషి సంగతి ఎన్నిసార్లు చెప్పాను! అన్నేళ్లు పడుకున్నవాడి కాళ్లకి కండ ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రెండు గుడ్లు ఉడకబెట్టుకున్నాను. మళ్లీ రెండు. "నిన్ను చూస్తే కోళ్లు గోడ దూకుతాయే" అన్నారు మా ఆయన.

ఆగస్టు 4, ఆదివారం

నీలం పుస్తకం తెరిచాను. వేరే దారి లేక.

మొదటి పాఠం: గట్టి కుర్చీలో కూర్చోండి. చేతులు గుండెలకి ఆనించుకోండి. లేవండి.

లేవలేకపోయాను.

మళ్లీ చూశాను. ముందుకి ఊగాను, వెనక్కి పడ్డాను. కుర్చీ నన్ను చూసి నవ్వుతోంది. వందల మందిని లేవండని అరిచిన నోరు ఇది, ఆ నోరున్న మనిషి కుర్చీలోంచి చేతులానకుండా లేవలేదు! నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాను. నేల మీద నుంచి అసలు లేవలేకపోయాను. మిషను కాలు పట్టుకుని లేచాను.

డాక్టరమ్మ ఒక్కసారి కూడా తిట్టలేదు. "మీరు ఎక్కడున్నారో అక్కడే మొదలుపెడదాం" అంటుంది. ముందు కుర్చీ మీద దిండు వేసుకోండి, ఎత్తు పెరిగితే లేవడం తేలిక, రోజులు గడిచేకొద్దీ దిండు పలచన చేయండి అంటుంది. అంతకన్నా ముందు, నిలబడటం నేర్చుకోండి అని ఒక బొమ్మ. పాదాలు భుజాలంత ఎడంగా. మడమలు నేలలో నాటుకున్నట్టు. చూపు ఎదురుగా. ఎవరైనా తోసినా పడకూడదు.

నిలబడటం కూడా ఒకరు నేర్పాలా? ఆ పేజీ తిప్పేశాను.

రెండు దిండ్లు వేసుకుని లేచాను!

ఆగస్టు 13, మంగళవారం

ఒక దిండు.

సంచిలో ఇసుక చెంబెడు ఉంచి మొదలుపెట్టాను, బుద్ధొచ్చి. తల మీదికి నెట్టడానికి ఏదీ సరైన బరువు దొరకలేదు. మిషను మీద పెద్ద గ్రంథం ఉంది, తోలు అట్ట, ఇత్తడి మూలలు. దాన్ని బరువులా వాడటమా? ఉదయమంతా ఆలోచించాను. పైకెత్తడం తప్పెలా అవుతుంది? ఎత్తాల్సిందే కదా! కిందికి దించడమే తప్పు. అందుకని దించేటప్పుడు ప్రార్థన చేస్తున్నాను.

ఇంకో సంగతి. బాత్రూంలోంచి బుడబుడమని చప్పుడు. ఆయన తలుపు తీసుకుని వచ్చారు, జుట్టంతా తడి, మొహం ఎర్రగా. "ఏంటండీ?" అంటే "పుక్కిలిస్తున్నా" అన్నారు. జుట్టుతో పుక్కిలిస్తారా? లోపల దాక్కుని తినేసి మొహం కడుక్కుంటున్నారు, నాకు తెలీదా.

ఆగస్టు 25, ఆదివారం

దిండు లేదు! చేతులు లేవు! లేచాను! మళ్లీ కూర్చుని మళ్లీ లేచాను, అలా ఊరికే, ఎవరో పిలిచినట్టు!

ప్రసంగం పక్కన పెట్టేసి సంఘం మొత్తానికి చూపించాను. "బల్లలు పట్టుకోకుండా లేవండి!" అన్నాను. ముసలమ్మలంతా పడుతూ లేస్తూ నవ్వులు. పాట మొదలయితే ప్రతి చరణానికీ లేపాను. చివరికి పెద్దాయన నా దగ్గరికొచ్చి చెవిలో, "చెల్లెమ్మా, పాటకొకసారి చాలు. మావాళ్లు పరలోకం ఇవాళే వెళ్లేలా ఉన్నారు" అన్నారు.

సెప్టెంబరు 8, ఆదివారం

నేను పెరుగుతుంటే ఆయనా పెరుగుతున్నారు. బేకరీ కాటా మీద నిలబెట్టాను. నూట తొమ్మిది.

నాకు ఒళ్లు మండింది. "మీకు ఇష్టం లేకే తింటున్నారు! నేను ఎత్తలేనంత కావాలనే తింటున్నారు! చెప్పండి, నమ్మకం లేకపోతే లేదని చెప్పండి! ముప్పై ఏళ్లు ఆడించింది చాలు!"

బేకరీ నుంచి తిన్నగా ఇంటికొచ్చారు. బాత్రూంలోకి పోయి తలుపేసుకున్నారు. కాసేపటికి బుడబుడ. దొంగని పట్టుకుంటానని తలుపు తోశాను.

తినడం లేదు. మోకాళ్ల మీద ఉన్నారు. బకెట్టు నిండా నీళ్లు, అందులో మొహం. రెండు చేతులతో బకెట్టు అంచు పట్టుకున్నారు. తల బయటికి లాగి, నీళ్లు కారుతుండగా, నన్ను చూసి, "ఎంతసేపున్నాను?" అన్నారు.

నేల మీదే కూర్చున్నాను, పక్కన. ఆయనే చెప్పారు. చిన్నప్పుడు రాళ్లు తీసిన గోతిలో పడ్డారట, వాననీళ్లు నిండిన గొయ్యి. పైకి వచ్చేసరికి ఎవరూ లేరట. అప్పటినుంచీ తల మునగడమంటే చచ్చేంత భయం. స్నానంలో చెంబెత్తి తల మీద పోసుకున్నా కళ్లు మూసుకోరట. భయమేస్తే ఆకలేస్తుందట.

"మరి ముప్పై ఏళ్లూ చూద్దాంలే అన్నది..."

"నీళ్ల సంగతేనే. దేవుడి సంగతి ఎప్పుడో చూశాను."

"నాకు చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు అడిగితే కదా. నువ్వెప్పుడూ చెప్పడమే."

సెప్టెంబరు 9, సోమవారం

చెప్పడమే.

సెప్టెంబరు 14, శనివారం

ఇసుక సంచి ప్లంబర్‌కి తిరిగిచ్చేశాను. ఇంట్లో ఇంత బరువుండగా సంచి దేనికి?

ముందు గదిలో దుప్పట్లు పరిచి సాధన చేస్తున్నాం. లైబ్రరీ అమ్మాయి పుస్తకాల గడువు పొడిగించి, ఎత్తడం చూస్తానని ఇంటికే వచ్చింది. ఒక చెయ్యి ఆయన మెడ వెనక, ఒక చెయ్యి గుండె మీద, మెల్లగా వెనక్కి వంచడం, మళ్లీ లేపడం. మొదటిసారి ఇద్దరం దబ్బున పడ్డాం. కింది వాటావాళ్లు చీపురుతో పైకప్పు కొట్టారు. "ఏం లేదండీ, బాప్తిస్మం!" అని అరిచారు ఈయన.

"ఆంటీ, చేతులతో కాదు. కాళ్లతో లేపండి. నీలం పుస్తకంలో నిలబడే పేజీ చదవలేదా?" అంది అమ్మాయి.

"చదివాను" అన్నాను. తిప్పాను కదా, చదివినట్టే.

ఆ అమ్మాయి పోయాక చదివాను.

సెప్టెంబరు 22, ఆదివారం

సగం ఎత్తుదాకా లేపగలుగుతున్నాను! మిగతా సగం ఆయన దయ.

కూటం అయ్యాక పెద్దాయన, టీ తాగుతూ, తాపీగా, "నీళ్లలో మనిషి తేలికయిపోతాడు కదా చెల్లెమ్మా. ఇన్ని తిప్పలెందుకు?" అన్నారు.

అందరం ఆయన్నే చూశాం. కుట్లు వేసే నేను, పిండి పిసికే ఈయన, రోజంతా నీళ్లతోనే బతికే ప్లంబర్! ఒక్కరికీ తట్టలేదు!

"మరి జూలైలో చెప్పొద్దా అన్నా!"

"చెబుదామనే అనుకున్నాను. ఈలోపు మా ఆవిడ కుర్చీలోంచి తనంతట తను లేవడం మొదలుపెట్టింది. ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నా."

ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను. గుమ్మం దగ్గర ఆయన నవ్వడం లేదని చూశాను. భయపడే మనిషి తేలిక కాడు. సాధన ఆపలేదు.

అక్టోబరు 6, ఆదివారం

జుట్టు ఇంకా తడిగానే ఉంది. రాయకపోతే పగిలిపోతాను.

వేదిక ముందు చెక్కలు తీశారు. కింద తొట్టి, కొత్త సిమెంటు, గుండెలదాకా నీళ్లు. లైబ్రరీ అమ్మాయి కూడా వచ్చింది, తలుపు పక్కన ఆఖరి బల్ల మీద, మా ఆయన చోట్లో కూర్చుంది. నేను ముందు దిగాను. చల్లగా ఉంది. ఆయన మెట్టు మీద నిలబడి నీళ్లని చూస్తున్నారు. పెదాలు తెల్లగా అయిపోయాయి. ఒక్కో మెట్టూ దిగారు. దిగినకొద్దీ నీళ్లు పైకి లేచి అంచులు దాటి ముందు వరుస చెప్పులు తడిపేశాయి.

పెద్దాయన పైనుంచి అడిగారు, ఆనవాయితీ ప్రకారం: "తమ్ముడూ, ఏ మాట నిన్ను తీసుకొచ్చింది?"

నేను చెవులు రిక్కించాను. ఏ ప్రసంగమో! ఇరుకు ద్వారం మీద చెప్పినదా? రేపటి మీద చెప్పినదా?

"పోయిన వానల్లో మా వీధి మునిగింది కదండీ. మోకాళ్లదాకా నీళ్లు. నడి వీధిలో నా కాళ్లు బిగుసుకుపోయాయి. ఈవిడ వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుని, 'పట్టుకున్నాను, నడవండి' అంది. ఆ మాటండీ."

నాకు గుర్తే లేదు! ముప్పై ఏళ్లు, ఆదివారాలు, శుక్రవారాలు, గొంతు పోయేదాకా, ఒక్కటీ కాదట! వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని అన్న మాటట! నవ్వాలా తిట్టాలా తెలీలేదు. "ఒక్క ప్రసంగమూ కాదా అండీ?" అన్నాను, మెల్లగా.

"బాగుండేవే అన్నీ. కానివ్వు, భయమేస్తోంది" అన్నారు.

మెడ వెనక చెయ్యి, గుండె మీద చెయ్యి. వెనక్కి వంచాను. తల మునిగింది, గుండె మునిగింది. పొట్ట మునగలేదు! దీవిలా తేలింది! మా సంఘంలో గోరు బయట ఉన్నా లెక్కలోకి రాదు. "పొట్ట! పొట్ట!" అని హాలంతా అరుపులు. లేపే పుస్తకాలు మూడు చదివాను, ముంచే పుస్తకం ఒక్కటీ చదవలేదు!

లేపాను. దగ్గుతున్నారు, కళ్లు పెద్దవయ్యాయి. "ఇంక వద్దు" అంటారనుకున్నాను. "బకెట్టులో చేసినట్టు ఊపిరి వదిలేస్తాను. మళ్లీ ముంచు" అన్నారు.

బుడబుడ. ఈసారి పొట్ట కూడా పోయింది. మొత్తం మునిగారు. హల్లెలూయా అందామని నోరు తెరిచాను, అంతలో కొత్త సిమెంటు మీద ఆయన పాదం జారింది.

రెండు చేతులూ నీళ్లలోంచి లేచి నా మెడని చుట్టుకున్నాయి. నూట తొమ్మిది కిలోల భయం. నేనూ మునిగాను. చప్పుడంతా ఆగిపోయింది. నీళ్లలో ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి. ఒక్క వాక్యం గుర్తు రాలేదు. ఎర్రది రాలేదు, నల్లది రాలేదు, చెప్పకూడదు గానీ గ్రంథం కూడా రాలేదు. నేను తిప్పేసిన పేజీ వచ్చింది. పాదాలు భుజాలంత ఎడంగా. మడమలు నాటు. చూపు ఎదురుగా.

నిలబడ్డాను.

అంతే. కాళ్లు వాటంతటవే చేశాయి. కుర్చీలోంచి లేచినట్టు, చేతులు ఆనించకుండా, మా ఆయన్ని మెడలో దండలా వేసుకుని లేచాను! నీళ్లు నా తల మీదినుంచి కారుతున్నాయి, ఆయన నా భుజం మీద దగ్గుతున్నారు, నవ్వుతున్నారు, ఏది ఏదో తెలియడం లేదు. హాలంతా బల్లలెక్కింది. ముసలమ్మలంతా ఏదీ పట్టుకోకుండా లేచారు, నేను చూశాను.

"మునిగాడు! మొత్తం మునిగాడు!" అని పెద్దాయన. "అక్క కూడా మునిగింది, అదనం!" అని ప్లంబర్.

ఆయన నా చెవిలో, "నువ్వు వదల్లేదు చూశావా" అన్నారు.

"మీరే వదల్లేదు, నా మెడ విరిగింది" అన్నాను.

ఇందాకే బట్టలు మార్చుకుని వచ్చి కూర్చున్నారు. "ఏమే, ఈ వయసులో ఈత నేర్పుతారంటావా?" అంటున్నారు.

దానికీ పుస్తకం ఉండే ఉంటుంది!

అక్టోబరు 13, ఆదివారం, పొద్దున్నే

ప్రసంగం సిద్ధంగా ఉంది. దేని మీద? వెనక బల్ల మీద కూర్చునేవాళ్ల మీద. నిన్న శనివారం లైబ్రరీకి పోయి పుస్తకాలిచ్చేస్తుంటే, "ఇవాళ కాదు ఆంటీ, రేపు నేనే మీ కూటానికి వచ్చి తీసుకుంటాను. మీ దగ్గర ఆ వెనక బల్ల బాగుంది" అంది ఆ అమ్మాయి. కళ్ల కింద నలుపు ఉంది. అంత కండ ఉన్న పిల్ల, పుస్తకం అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

వెంటనే ఇంటికొచ్చి ఆ అమ్మాయికి తగిలేలా నాలుగు పేజీలు రాశాను. అగ్గి. చాలా బాగా వచ్చింది.

ఇందాక మా ఆయనకి చదివి వినిపించాను. రొట్టె నములుతూ విన్నారు. "బాగుంది. ఆ పిల్లని అడిగావా, ఎందుకొస్తోందో?" అన్నారు.

అడగలేదు.

మూడు పుస్తకాలు నా చేతికిచ్చింది, నా ఇంటికి వచ్చి నాకు నిలబడటం నేర్పింది, నేను ఒక్క మాట అడగలేదు.

నాలుగు పేజీలూ మిషను కింద పెట్టేశాను. గంట కొడుతున్నారు. ఆ అమ్మాయి ఈపాటికి తలుపు పక్కన కూర్చుని ఉంటుంది, పాట అవగానే వెళ్లిపోతుంది. వచ్చే ఆదివారం అనకు. రేపు ఎవరింటికీ రాలేదని నువ్వే అరిచావు. డైరీ ముయ్యి. కుర్చీ మీద చేతులు ఆనించకు. లే. వేదిక ఎక్కకు, తిన్నగా ఆఖరి బల్ల దాకా నడిచి, పక్కన కూర్చుని, ఇవాళే, పాట అవకముందే, అడుగు!